ముసురులో ఆరని గుడ్డలు

1944 ముసురులో మా ఇంట్లో పొడిగా ఉన్న గది ఒక్కటే. దాన్ని పురుగులకిచ్చాను. నా కూతురికి వెనక పంచ ఇచ్చాను. మొదటి తప్పు అదే. మిగతావన్నీ దాని వెంట వచ్చినవి.

మా ఊరు చౌడేపల్లెకి రెండు మైళ్ళు. రాగి, వేరుశనగ తప్ప వేరే పంట ఎరగని మెట్ట. యుద్ధం వచ్చాక పట్టుకి గిరాకీ పెరిగింది. విమానంలోంచి దూకే సిపాయిలకి కట్టే గొడుగులు పట్టుతో చేస్తారని చెప్పుకున్నారు. బావి కింద అరెకరంలో మల్బరీ నాటి, పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టాను. పురుగు చాలా సున్నితం. దాని గదిలో పొగ రాకూడదు, నూనె వాసన రాకూడదు, సబ్బు వాసన రాకూడదు, తడి ఆకు పడకూడదు. ఆ నియమాలన్నీ ఒక్కటి తప్పకుండా పాటించాను. మనిషి బిడ్డకి కూడా నియమాలు ఉంటాయని నాకు తట్టలేదు.

ఆ శ్రావణంలోనే నా భార్య కాంతమ్మ కుప్పంలో, పుట్టింట్లో, కాన్పయిన నాలుగో రోజున పోయింది. రెండు రోజులు నొప్పులు పడింది. ఆస్పత్రికి తీసుకుపోవడానికి బండ్లున్నాయి, రైలుంది. వాళ్ళమ్మ అక్కమ్మ మాత్రం మంత్రసానిని నమ్ముకుని ఇంట్లోనే కూర్చుంది. ఆ పని నేను అప్పుడు క్షమించలేదు, ఇప్పుడూ క్షమించలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథ అక్కమ్మకి దండం పెట్టుకోవడానికి రాస్తున్నాను.

బిడ్డని నెత్తిన పెట్టుకున్నంత జాగ్రత్తగా మోసుకుని, భాద్రపదంలో అక్కమ్మ మా ఊరొచ్చింది. బిడ్డకి రత్న అని పేరు పెట్టింది కూడా ఆమే. మా వాళ్ళలో అత్త అల్లుడి ఎదుట నిలబడదు, మొహం చూసి మాట్లాడదు. ఆమె తలుపు చాటున నిలబడి, నాతో చెప్పాల్సినదంతా ఒళ్ళో బిడ్డతో చెప్పేది. నేను గోడకి జవాబిచ్చేవాణ్ణి.

"మీ నాయన్ని అడుగు పాపా. నీ గుడ్డలు ఒక్క గంట పురుగులింట్లో ఆరేసుకోవచ్చునా అని."

"ఉచ్చ కంపు తగిలితే పురుగు ఆకు ముట్టదు," అన్నాను గోడతో.

"సరేలే. పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడతానని సెప్పు."

"పొగ పోయేది యాడికి? పురుగులింట్లోకే."

"మీ నాయనకి పురుగులంటే పానం పాపా. అవి ఏడవవు గదా."

ఆకు కోసుకొచ్చిన పెద్దన్న గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. అతను మా పక్కింటివాడు, పురుగుల పనిలో సగం వాటాదారు. "అత్తకీ అల్లుడికీ మధ్యన ఈ బిడ్డ టపా మోస్తా ఉండాది. పెద్దయితే పోస్టాఫీసులో ఉద్యోగం ఖాయం," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అతనే నవ్వుకున్నాడు.

ముసురు తొమ్మిదో రోజుకి వచ్చింది. ఎండ మొహం చూసి వారం దాటింది. కాంతమ్మ పాత చీరలు చింపి చేసిన గుడ్డలు పన్నెండు ఉండేవి. అక్కమ్మ వాటిని చౌడుమన్నుతో ఉతికి, ఒక్క నీళ్ళలో జాడించి, పంచలో దండెం మీద వేసేది. అవి ఆరేవి కావు. సగం తడి గుడ్డే మళ్ళీ గోచి పెట్టాల్సి వచ్చేది. కింద చాప తడవకుండా గోచిని గట్టిగా బిగించి, పైన పాత కంబళి ముక్క చుట్టేది. తల్లిపాలు లేని బిడ్డ. ఆవుపాలు పడక రోజుకి ఏడెనిమిది సార్లు విరేచనం అయ్యేది.

ముందు తొడల సందుల్లో ఎర్రబడింది. రెండు రోజులకి ఆ ఎరుపు పిర్రల మీదికి పాకింది. అక్కమ్మ ఆముదం వెచ్చబెట్టి దట్టంగా పూసి, గోచి ఇంకా బిగించింది. నాలుగో రోజుకి సన్నని పొక్కులు లేచి రసి కారడం మొదలైంది. గుడ్డ విప్పినప్పుడల్లా బిడ్డ ఊపిరి బిగబట్టి ఏడ్చేది.

ఆ ఏడుపు పురుగులింట్లోకి వినిపించేది. అక్కడ పురుగు రాత్రింబగళ్ళు ఆకు కొరికే చప్పుడు చిన్న వానలాగా ఉంటుంది. దాని మీదుగా కూడా వినిపించేది. ఒకనాడు పొద్దున నేను బయటికొచ్చి తలుపుతో కాదు, గోడతో కాదు, అక్కమ్మతోనే అన్నాను.

"కూతుర్ని మంత్రసాని చేతిలో పెట్టి చంపినావు. దీన్ని గూడా దాని దగ్గరికే పంపించాలని ఉండావా? ఈ పంట గూడు కట్టనీ. పుంగనూరులో నిన్ను బస్సెక్కిస్తా. కుప్పంలోనే ఉండు. బిడ్డని నేను సాక్కుంటా."

ఆమె తల వంచుకుని గోచి విప్పుతోంది. తల ఎత్తకుండానే బిడ్డతో అంది. "మీ నాయనకి నీ గోచి కట్టేది గూడా తెలీదు పాపా. నేను పోయినాక యాడ నేర్సుకుంటాడో."

అది నిజం. అప్పటికి రత్నకి రెండున్నర నెలలు. నేను ఆ పిల్లని ఎత్తుకున్నది రెండుసార్లో మూడుసార్లో.

పురుగు తన జీవితంలో నాలుగుసార్లు తిండి మానేసి, కదలకుండా పడుకుని, పొర విడుస్తుంది. మా వాళ్ళు దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్నప్పుడు పడక తడిగా ఉంటే పురుగు కుళ్ళిపోతుంది. అందుకని సున్నాన్ని మెత్తగా జల్లించి, పల్చటి గుడ్డలో మూటగట్టి, తట్టల మీద దులుపుతాం. తెల్లటి పొడి మంచులాగా పడుతుంది. పడక ఆరుతుంది. పురుగు కొత్త చర్మంతో లేస్తుంది. మూడో జ్వరం అయిన రోజు పొద్దున నేను ఆ పని చేసి, తట్టలన్నీ చూసుకుని, సంతోషంగా బయటికొచ్చాను. సున్నం మూట చేతిలోనే ఉంది.

అక్కమ్మ బావికి పోయింది. బిడ్డ పంచలో చాప మీద పడుకుని మూలుగుతోంది. నేను కూర్చుని గోచి విప్పాను. చర్మం తడిగా, నిగనిగలాడుతూ, పచ్చిగా ఉంది. తడి పడక మీద పురుగు ఎట్లా ఉంటుందో అట్లానే ఉంది. దీనికి కావాల్సింది ఏమిటో ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు అనుకున్నాను.

మూటని రెండుసార్లు దులిపాను. తెల్లగా పడింది. తడి పోయింది. చూడ్డానికి శుభ్రంగా ఉంది. గోచి మళ్ళీ కట్టాను. వంకరగా కట్టాను గాని కట్టాను.

నేను ఆకు తట్ట అందుకునే లోపల బిడ్డ ఉచ్చ పోసుకున్నట్టుంది. అప్పుడు అరిచింది. అంతకు ముందు ఏడ్చినవన్నీ ఏడుపులు కావని ఆ అరుపుతో తెలిసింది.

అక్కమ్మ బిందె చంకన పెట్టుకునే పరుగెత్తుకొచ్చింది. గుడ్డ లాగేసింది. తెల్లటి పిండిలాంటిది చూసింది. నా చేతిలో మూట చూసింది. బిడ్డని ముంజేతి మీద బోర్లా వేసుకుని, బిందెడు నీళ్ళూ ధారగా నడుం కింద పోసింది. ఇంకో బిందె తెమ్మని నాకు సైగ చేసింది. తెచ్చాను. అదీ పోసింది. మూడో బిందె కూడా.

తర్వాత తల ఎత్తి నా మొహం చూసి మాట్లాడింది. అట్లా మాట్లాడటం అదే మొదలు.

"బండి కట్టు. మదనపల్లె ఆస్పత్రికి పోదాం."

కాంతమ్మ నొప్పులప్పుడు ఈ మాట అనలేదే అని నాకు అప్పుడు కూడా అనిపించింది. నా బుద్ధి అట్లాంటిది. బండి కట్టాను.

పుంగనూరు దాకా బండి. అక్కడినుంచి బొగ్గు బస్సు. యుద్ధకాలం గదా, పెట్రోలు లేదు. బస్సు వెనక బొగ్గు పొయ్యి మండుతూ ఉంటుంది, మెరక వస్తే జనం దిగి తొయ్యాలి. నేను రెండుచోట్ల దిగి తోశాను. అక్కమ్మ బిడ్డకి గుడ్డ కట్టకుండా, పైట చెంగు గొడుగులాగా పట్టుకుని, దారంతా ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుంది. మదనపల్లె చేరేసరికి సాయంత్రం నాలుగైంది.

మిషన్ ఆస్పత్రిలో పిల్లల వార్డు చూసుకునే నర్సు దయామణి. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చీర, పొట్టి మనిషి, గొంతు మాత్రం చర్చి చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఆమె బిడ్డని వెలుతురులోకి తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది ఒట్టి ఉచ్చ తడికి ఒరిసింది కాదు. ఏమో పెట్టినారు. ఏం పెట్టినారు?"

నేను నోరు తెరిచాను. నా వెనకనుంచి అక్కమ్మ అంది.

"సున్నం సల్లినానమ్మా. పురుగుల మింద సల్లేది. తడి ఆరతాదని. నాకు తెలివి ల్యాక."

దయామణమ్మ ఆమెని తిట్టింది. మెల్లగా తిట్టలేదు. తడిసిన సున్నం గోడకి పూస్తారు గాని పసిబిడ్డకి పూస్తారా అంది. వెంటనే నీళ్ళు పోసినారు కాబట్టి బతికింది, లేకుంటే తోలు ఊడి వచ్చుండేది అంది. నీళ్ళు ఎవరు పోశారని అడగలేదు. వార్డులో ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. అక్కమ్మ నేల చూస్తూ నిలబడింది.

నేను పక్కనే ఉన్నాను. చెప్పలేదు.

"ఈ పెద్దమ్మ బిడ్డని ముట్టుకునేదానికి లేదు," అంది దయామణమ్మ. "తల్లి యాడుంది?"

"లేదు," అన్నాను.

ఆమె గొంతు కొంచెం తగ్గింది. "అయితే నువ్వే అప్పా. పో, చేతులు కడుక్కోని రా. మోచేతుల దాకా. గోళ్ళు కత్తిరించుకో. నేర్పిస్తాను."

వార్డులో మగవాళ్ళకి చోటు లేదు. వరండా చివర, జల్లు కొట్టని మూల, తొట్టి ఒకటి వేయించి నాకు చాప ఇచ్చింది. అక్కమ్మకి మెట్లు దక్కాయి. ముసురు అక్కడికి కొట్టేది.

అట్లా నా రెండో చదువు మొదలైంది. మొదటి చదువు మా ఊరి బడిలో నాలుగో తరగతితో ఆగింది. ఇది పదకొండు రోజులు సాగింది. మొదటిదానికంటే ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

"కాచి చల్లార్చిన నీళ్ళు. గోరువెచ్చన. పోసి కడుగు. సబ్బు వద్దు, చౌడు వద్దు. ఇప్పుడు తుడువు," అంది.

నేను గుడ్డ తీసుకుని తుడిచాను. బిడ్డ కెవ్వుమంది.

"రుద్దుతావేమప్పా, ఇత్తడి చెంబా అది? బడికి పోయినావా?"

"పోయినానమ్మా."

"కాగితం మీద సిరా ఒలికితే ఏం చేస్తారు?"

"అద్దుతారు."

"ఆ. అట్ల అద్దు."

అద్దాను. తర్వాత మందు. జింకు, ఆముదం కలిపి నూరిన తెల్లటి లేపనం. ఆముదం మా ఇంట్లోనూ ఉంది, మేమూ పూశాం అన్నాను. "పూసినారు. పూసి పైన తడిగుడ్డ బిగించినారు. కుండలో పెట్టి మూతేసి ఉడకబెట్టినట్ల," అంది. లేపనం పని ఉచ్చ చర్మానికి తగలకుండా అడ్డం ఉండటమేనట. పల్చగా రాస్తే చాలు. గోచి అసలే వద్దంది. తొట్టిలో మెత్తటి గుడ్డ పరిచి బిడ్డని మొలకింద ఏమీ లేకుండా పడుకోబెట్టమంది. తడిసిన గుడ్డ తీసి పొడి గుడ్డ వెయ్యాలి. తడిసిందో లేదో ఏడ్చినాక చూడటం కాదు, ఊరికే ఊరికే చెయ్యి పెట్టి చూడాలి.

మొదటి రోజు నేను ఇరవై రెండు గుడ్డలు మార్చాను.

మూడో రోజు ఆమె నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "ఏం పని చేస్తావు?"

"పట్టుపురుగులు పెంచుతానమ్మా."

"అట్లయితే నాకంటే నీకే బాగా తెలియాల. పురుగు పడక తడిసిపోతే ఏం చేస్తావు?"

"పురుగుని ఎత్తి వేరే తట్టలోకి మారుస్తాం. పాత ఆకంతా పారేస్తాం. గాలి తగిలేట్టు దూరం దూరంగా పెడతాం."

"మరి సున్నం ఎప్పుడు?"

తొట్టిలో గుడ్డ సర్దాను. "మార్చేదానికి తీరిక లేనప్పుడు," అన్నాను.

ఆమె తలాడించింది. "బిడ్డ ఉచ్చ పోసేది ఎవ్వరూ నిలపలేరప్పా. దాంట్లో నానేది నిలపొచ్చు. అంతే ఈ జబ్బు. మీ అత్తకి ఇది చెప్పినోళ్ళు లేరు పాపం."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే బిడ్డని నా చేతుల్లోంచి తీసుకుంటుందని భయం వేసింది. మూడు రోజుల కిందట ఆ భయం నాకు లేదు. తీసుకుంటే తీసుకోనీ అనుండేవాణ్ణి.

ఆమె నేర్పినదంతా నాకు ఇప్పటికీ గుర్తే. మా ఊళ్ళో ఏ బిడ్డకి తొడలు కందినా ఆడవాళ్ళు నన్ను పిలుస్తారు. మొదట్లో నవ్వుకుంటూ పిలిచేవాళ్ళు.

వార్డులో మా వరండా మూలకి కిటికీ పక్క మంచం మణెమ్మది. కొడుక్కి సెగ్గడ్డలు లేచి తీసుకొచ్చింది, బి.కొత్తకోట మనిషి. నోరు ఊరుకోదు. మెట్ల మీద ఉన్న అక్కమ్మకి సున్నం అవ్వ అని పేరు పెట్టింది.

"ఓ సున్నం అవ్వా, ఆకూ వక్కా ఉండాయి. కాస్త సున్నం ఇస్తావా?"

వార్డంతా నవ్వింది. అక్కమ్మ కూడా నవ్వింది. "యాడిదమ్మా, అంతా సల్లేస్తినే," అంది.

ఆ మాట నా చెవిలో పడినప్పుడు నా చేతిలో లేపనం గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాల్సి వచ్చింది.

అయిదో రోజు మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద ఆకులో పెట్టుకుని మెట్ల దగ్గరికి పోయాను. అక్కమ్మ గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. పక్కన బకెట్టు. బిడ్డ గుడ్డలు ఉతకడం మాత్రం దయామణమ్మ ఆమెకి వదిలింది, ఎట్లా ఉతకాలో దగ్గరుండి చూపించి. చౌడు వద్దు, ఉడకబెట్టు, మూడు నీళ్ళలో జాడించు, మూడో నీళ్ళు వేళ్ళకి జిగటగా తగలకూడదు. ఆమె వేళ్ళు నాని ముడతలు పడిపోయాయి. ఆకు అక్కడ పెట్టి నిలబడ్డాను.

"యాల అట్ల చెప్పినావు?"

ఆమె అలవాటుగా ఒళ్ళోకి చూసుకుంది. ఒళ్ళో బిడ్డ లేదు. మెట్ల పక్క స్తంభాన్ని చూసింది. చివరికి నన్నే చూసింది.

"నువ్వు సల్లినావని తెలిస్తే ఆయమ్మ నీ సేతికి బిడ్డనిస్తాదా?"

నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నన్ను ఎట్లాగూ కుప్పం పంపిస్తానంటివి. పోయేదాన్ని నాకేమి, ఎన్ని మాటలన్నా పడతా. నువ్వు సాకాల్సినోడివి. నీ సేతులకి భయం పట్టుకుంటే దానికి ఎవురుండారు? బిడ్డని నువ్వు ఎత్తుకునేది నేను ఈ నెలన్నరలో సూడల్యా. ఇప్పుడు సూస్తా ఉండా."

సంగటి ముద్ద విరిచింది. తినలేదు.

"కాంతమ్మప్పుడు నాకు భయమప్పా. ఆస్పత్రంటే కడుపు కోస్తారని. భయంతో ఉండే సేతులు ఏ పనీ సేయవు."

క్షమించమని అడగలేదు. అడిగినా నేను క్షమించను. అది ఇద్దరికీ తెలుసు. "తిను," అన్నాను. అంతకంటే నాకు చేతకాలేదు.

మరునాడు పెద్దన్న వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"నాలుగో జ్వరంలో ఉండాయి కృష్ణప్పా. సగం తట్టలు ఉబ్బి పచ్చగా అయిపోతాండాయి. నువ్వు రాకుంటే మిగిలినవి గూడా పోతాయి. రెండు రోజులు వచ్చిపో. అవ్వ ఉండాది గదా."

"అవ్వ ముట్టుకునేదానికి లేదు."

"యాల?"

తొట్టిలోకి చెయ్యి పెట్టి చూశాను. తడిసింది. గుడ్డ మార్చాను. పెద్దన్న నోరు తెరుచుకుని చూశాడు.

"ఎవురు నేర్పిచ్చిరప్పా నీకు?"

"తట్టలన్నీ తీసుకుపోయి దిబ్బలో పారెయ్. గది కడుగు. పొయ్యి పెట్టి బాగా ఆరబెట్టు."

"పురుగులింట్లో పొగ పెట్టమంటావా?"

"పెట్టు. దండెం గూడా కట్టు."

అతను నన్ను కాసేపు చూసి, తొట్టిలో బిడ్డని చూసి, తల గోక్కుంటూ పోయాడు. ఆ పంటలో అతని సగం కూడా పోయింది. ఆ మాట అతను నాతో ఎన్నడూ ఎత్తలేదు. అతనికీ నేను రుణపడి ఉన్నాను.

ఎనిమిదో రోజుకి రసి ఆగింది. పదో రోజుకి అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం లోపలికి పాకింది. పదకొండో రోజున దయామణమ్మ బిడ్డని తిప్పి తిప్పి చూసి, నా చేతులు కూడా తిప్పి చూసి, ఇంటికి పొమ్మంది. లేపనం డబ్బా ఇచ్చింది. పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడిగింది.

"గోచి?"

"ఒదులుగా. బయటికి పోయేటప్పుడు మాత్రమే."

"రోజుకి ఎంతసేపు గాలికి?"

"పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఎండ ఉంటే నీడలో."

"గుడ్డలు?"

"మూడు నీళ్ళు. ఎండలో. ఎండ లేకుంటే పొయ్యి మీద. తడి తగిల్తే కట్టేది లేదు."

"పాలు?"

"కాచి, నీళ్ళు కలిపి. ఉగ్గుగిన్నె ఉడకబెట్టి."

"మళ్ళీ ఎర్రబడితే?"

"గోచి తీసేసి లేపనం. మూడు రోజులకి తగ్గకున్నా, పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా ఈడికి రావాల."

"ప్రభువు నీకు బుద్ధి ఇచ్చినాడు," అంది. "ఇంకొక్కటి. ఆ అవ్వని ఇంకో నెల బిడ్డ దగ్గరికి రానీయొద్దు. మంచిదే గాని తెలివి చాలదు."

మణెమ్మ మంచం మీద కూర్చుని వింటోంది. ఇంకో నలుగురు వింటున్నారు. బిడ్డ నా చేతుల్లో ఉంది.

"సున్నం సల్లింది నేనమ్మా," అన్నాను.

ఆమె డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

"పదకొండు రోజులు ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"నీళ్ళు పోసింది?"

"ఆమె."

దయామణమ్మ నా చేతుల్లోంచి బిడ్డని తీసుకుంది. వరండా దాటి, మెట్లు దిగి, అక్కమ్మ ఒళ్ళో పెట్టింది. వంగి ఏదో చెప్పింది, నాకు వినిపించలేదు. చాలాసేపు చెప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నిన్ను తిట్టాలంటే నాకు నోరు లేక కాదప్పా. పని నేర్చుకున్నావు. అందుకని వదిలేస్తా ఉండా."

వెనక మణెమ్మ తన ఆకువక్కల సంచి తీసుకుని, మాట్లాడకుండా మెట్ల వైపు పోయింది. అక్కమ్మ పక్కన కూర్చుని ఆకుకి సున్నం తనే రాసిచ్చింది.

బస్సెక్కేటప్పుడు అక్కమ్మ అంది. "సెప్పి ఏం బాగుపడింది ఇప్పుడు? ఇంకొక్క పూట నోరు మూసుకోనుంటే ఇంటికి సేరిపోదుము గదా."

ఆమె బాధ నాకు తెలుసు. చెప్పినప్పటినుంచి నా చేతులు వణుకుతున్నాయి. ఆమె అది చూసింది. బస్సులో బిడ్డని నాకు ఇవ్వలేదు, నేను అడగలేదు.

పుంగనూరులో దిగేసరికి ముసురు తెరిపి ఇచ్చింది. సంతకని వచ్చిన పెద్దన్న బండి నిలబెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా పలమనేరు బస్సు పొయ్యి రగిలిస్తున్నారు. పలమనేరులో మారితే కుప్పం. అక్కమ్మ మూట ఆమె చంకలోనే ఉంది. మదనపల్లెలోనే తన చీరలు వేరే మూట గట్టుకుంది, నేను చూశాను.

బిడ్డ కదిలింది. మూతి వంచింది. తడిసిందన్నమాట.

అక్కమ్మ బిడ్డని నా వైపు చాచింది. "మార్సు."

"నువ్వు మార్చు."

"నేను పోయేదాన్ని. నువ్వే మార్సు. నేను సూడాల."

టీ అంగడి అరుగు మీద కంబళి పరిచాను. సంతరోజు, జనం ఉన్నారు. మగవాడు నడివీధిలో బిడ్డ మొల కడగడం చూడటానికి నలుగురు ఆగారు.

"ఇంట్లో ఆడోళ్ళు ల్యారా అప్పా?" అన్నాడొకడు.

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయన ఏం చేస్తాన్నాడో పోయి కనుక్కో," అన్నాడు పెద్దన్న.

గుడ్డ విప్పాను. లేత చర్మం. సున్నం పడిన చోట ఇంకా కొంచెం ఎరుపు ఉంది. నా చేతులు అక్కడ ఆగాయి. అక్కమ్మ చూస్తోంది. సీసాలో తెచ్చుకున్న నీళ్ళు పోశాను. అద్దాను. మళ్ళీ అద్దాను. లేపనం పల్చగా రాశాను. అప్పటికి వేళ్ళు కుదుటపడ్డాయి. గోచి వదులుగా పెట్టాను. ఈసారి వంకర రాలేదు. రత్న నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

"సాలు," అంది అక్కమ్మ. "నేర్సుకున్నావు. ఇంక నాకు బెంగ ల్యా."

బస్సువాడు పలమనేరు, పలమనేరు అని కేకలేస్తున్నాడు. ఆమె మూట చంకకి ఎత్తుకుంది. పో అని నేను అనాలి. ఆ మాట ముందే అనేశాను కూడా. ఆమె నా మాట ప్రకారమే పోతోంది.

నేను బిడ్డని భుజానికి ఎత్తుకున్నాను. రెండో చేత్తో తడిగుడ్డ తీసి ఆమెకి అందించాను.

"మూడు నీళ్ళు జాడించాల," అన్నాను. "నాకు బిడ్డతోనే సరిపోతాది అత్తా."

ఆమె గుడ్డ వైపు చూసింది. బస్సు వైపు చూసింది. మూటని పెద్దన్న బండిలో పడేసి, గుడ్డ తీసుకుని, అంగడి వెనక బావి దగ్గరికి పోయింది.

బస్సు పొగ కక్కుకుంటూ కదిలింది. ఆమె తల ఎత్తలేదు. రెండో నీళ్ళు పారబోసి, మూడో నీళ్ళు తోడుతోంది.